తక్కువ ఖర్చులో ఆర్కేడ్ స్టిక్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

వీడియో గేమ్ పార్లర్ల యంత్రాలకు ఉన్నట్టు లీవరు, బటన్లు బిగించిన పెట్టె లాంటి కంట్రోలరే ఆర్కేడ్ స్టిక్. దాన్ని కొనాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది లీవరు ఏ కంపెనీది, బటన్లు ఏ కంపెనీవి అని. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నవారికి ఇది రెండో ప్రశ్న కావాలి. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: పెట్టె లోపలి సర్క్యూట్ బోర్డు మన ఇంట్లో ఉన్న యంత్రంతో (కంప్యూటరు, లేదా టీవీకి కలిపే గేమ్ కన్సోల్) పనిచేస్తుందా, పైపలకకు పెట్టిన రంధ్రాలు అందరూ వాడే కొలతల్లో ఉన్నాయా. లీవరు, బటన్లు అరిగిపోయినా, నచ్చకపోయినా ఇంట్లో కూర్చుని స్క్రూడ్రైవరుతో మార్చుకోవచ్చు. బోర్డు మార్చాలంటే మాత్రం ఒక్కోసారి చవక స్టిక్ ధరంత ఖర్చవుతుంది. అందువల్ల తక్కువ ఖర్చులో కొనేవారు పెట్టెనూ బోర్డునూ చూసి కొనాలని, మిగిలినవి తర్వాత వీలు చూసుకుని మార్చుకోవాలని నా అభిప్రాయం. ఈ వ్యాసంలోని పోలికలన్నీ ఆ దృష్టితో చేసినవే.

అసలు స్టిక్ అవసరమా అన్నది కూడా తేల్చుకోవాలి. విశాఖలో వీడియో గేమ్ పార్లర్లలో రూపాయి బిళ్ళ వేసి, నిలబడి ఆడిన తరానికి లీవరు మీద మమకారం ఉండడం సహజమే. మనవాళ్ళు ‘ముస్తఫా గేమ్’ అని పిలుచుకున్న ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. క్యాప్‌కామ్ సంస్థ 1993లో విడుదల చేసిన ఆ ఆటకు ఒక లీవరు, రెండు బటన్లు చాలు. అలాంటి పాత ఆటల కోసమే అయితే ఎంత చవక స్టిక్ అయినా సరిపోతుంది, ఖరీదైనది కొనడం దండగ. ఇద్దరు తలపడే ఫైటింగ్ ఆటల్లో స్ట్రీట్ ఫైటర్ 6కు మూడు గుద్దులు, మూడు తన్నులు కలిపి ఆరు బటన్లు కావాలి. టెక్కెన్ 8కు ప్రధానంగా నాలుగు బటన్లే అయినా, లీవరు కదలికలో సూక్ష్మత కావాలి. పోటీల్లో గెలవాలంటే స్టిక్ ఉండి తీరాలన్న మాటలో మాత్రం నిజం లేదు. 2014లో ఇవో అనే ప్రసిద్ధ ఫైటింగ్ ఆటల పోటీల్లో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 విజేతగా నిలిచిన ఫ్రాన్స్ ఆటగాడు లఫీ ఆడినది మొదటి తరం ప్లేస్టేషన్ ప్యాడ్‌తోనే (రెండు చేతులతో పట్టుకునే మామూలు కంట్రోలరు). స్టిక్ మనిషిని మెరుగైన ఆటగాడిగా మార్చేయదు. కొందరి చేతులకు అది హాయిగా ఉంటుంది, కొందరికి ఉండదు. చేతికి అలవాటు కావడానికే కొన్ని వారాలు పడుతుంది కనుక, వచ్చే ఆదివారం స్నేహితుణ్ణి ఓడించాలన్న ఆశతో కొనేవారు కాస్త ఆగడం మంచిది.

యంత్రాన్ని బట్టి ఎంపిక

కంప్యూటరు మీద ఆడేవారికి చిక్కులు తక్కువ. విండోస్ దాదాపు ప్రతి స్టిక్‌నూ గుర్తిస్తుంది. కంట్రోలర్లకు విండోస్ ఇప్పుడు వాడే ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతిలో పనిచేసేదైతే ఆటలు నేరుగా అందుకుంటాయి, పాత డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతిదైతే కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్‌లోని కంట్రోలరు అమరికల్లోకి వెళ్ళి ఒక్కో బటన్‌ను ఒకసారి చూపించవలసి వస్తుంది. నింటెండో స్విచ్ కూడా పెద్దగా పేచీ పెట్టదు. అసలు తలనొప్పి సోనీ, మైక్రోసాఫ్ట్ కన్సోళ్ళతోనే. ప్లేస్టేషన్ 4 తనకు అనుసంధానమైన పరికరం అధికారికమైనదో కాదో పరీక్షిస్తూ ఉంటుంది, ఆ పరీక్ష నెగ్గని పరికరం సుమారు ఎనిమిది నిమిషాలకు పనిచేయడం మానేస్తుంది. ఆట రసవత్తరంగా ఉన్నప్పుడు చేతిలోని స్టిక్ మూగబోతే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. ప్లేస్టేషన్ 5లో ఆ కన్సోల్ కోసం తయారైన ఆటలు సాధారణంగా దాని లైసెన్సు ఉన్న పరికరాన్నే కోరతాయి. స్ట్రీట్ ఫైటర్ 6 వంటి కొన్ని ఆటలు మాత్రం ప్లేస్టేషన్ 4 కాలపు స్టిక్‌లను అనుమతిస్తాయి. ఎక్స్‌బాక్స్ విషయంలో మైక్రోసాఫ్ట్ 2023 చివరిలో అనుమతి లేని పరికరాలను అడ్డుకోవడం మొదలుపెట్టింది కాబట్టి, ఆ కన్సోల్ ఉన్నవారు పెట్టె మీద దాని లైసెన్సు గుర్తు లేనిదే కొనకపోవడం క్షేమం. ‘అన్ని కన్సోళ్ళతో పనిచేస్తుంది’ అని అమ్మకందారు రాసిన వాక్యాన్ని ఎప్పుడూ సగమే నమ్మాలి.

బజారులో ఉన్న నమూనాలు

తక్కువ ధర స్టిక్‌లలో తరచుగా వినిపించే పేర్లు నాలుగు. వీటిలో హోరి ఫైటింగ్ స్టిక్ మినీ అన్నిటికన్నా చిన్నది, చవకైనది. పిల్లల చేతికి, పాత ఆటలకు, ప్రయాణాలకు అది బాగానే ఉంటుంది. అయితే సాధారణ కొలతల లీవరు, బటన్లు అందులో నేరుగా కూర్చోవు, పెట్టె తేలిక కావడం వల్ల గట్టిగా ఆడితే బల్ల మీద జారుతుంది. మొదట చెప్పిన కొలబద్దతో చూస్తే ఇది వదిలేయదగినది: ఇవాళ మిగిలిన డబ్బు, ఏడాది తిరగకుండా మరో స్టిక్ కొనేటప్పుడు పోతుంది.

మేఫ్లాష్ ఎఫ్300 దీనికి సరిగ్గా వ్యతిరేకం. దానితో వచ్చే లీవరు వదులుగా ఉంటుంది, బటన్లు కాస్త గట్టిగా, నొక్కినప్పుడు లోపలి స్ప్రింగు తెలిసేలా ఉంటాయి; మొదటి వారం చాలామంది పెదవి విరుస్తారు. కానీ దాని పెట్టెలో బరువుంది, రంధ్రాలు సాధారణ కొలతల్లో ఉన్నాయి, జపాన్‌కు చెందిన సాన్వా సంస్థ జేఎల్‌ఎఫ్ లీవరు, 30 మిల్లీమీటర్ల ఓబీఎస్‌ఎఫ్ బటన్లు అందులో చక్కగా ఇమిడిపోతాయి. ఇదే పెట్టెను సాన్వా భాగాలతోనే అమర్చి ‘ఎలీట్’ పేరుతో కూడా అమ్ముతారు. ప్లేస్టేషన్ 4కు కలపాలంటే ఆ కన్సోల్ అసలు ప్యాడ్‌ను ఈ స్టిక్‌కు ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చి ఉంచాలి. అధికారిక పరీక్షను ఆ ప్యాడ్ నెగ్గుతుంది, ఆట స్టిక్ ఆడుతుంది. పక్కన ఒక ప్యాడ్ వేలాడుతూ ఉండడం చూడడానికి బాగుండదు గానీ, ఈ ధరకు ఇన్ని యంత్రాలతో పనిచేసే స్టిక్ దొరకడం అరుదు.

ఎయిట్‌బిట్‌డూ ఆర్కేడ్ స్టిక్ 2020లో సుమారు 90 డాలర్ల ధరతో వచ్చింది. తీగతోనూ, తీగ లేకుండానూ పనిచేస్తుంది, కంప్యూటరుకూ స్విచ్‌కూ పనికి వస్తుంది, విడిభాగాలు మార్చుకోవడానికి అనువుగా ఉంటుంది, చూడ ముచ్చటగా ఉంటుంది. ప్లేస్టేషన్ ఉన్నవారికి మాత్రం ఇది పనికి రాదు. ఎక్స్‌బాక్స్‌కు వేరే నమూనా ఉంది. తీగ లేని సదుపాయం కోసం ఎక్కువ డబ్బు పెట్టడంలో నాకు పెద్ద అర్థం కనిపించదు, ఎందుకంటే ఫైటింగ్ ఆటలకు తీగ కలుపుకుని ఆడడమే ఉత్తమం. హాలులో టీవీకీ సోఫాకూ మధ్య తీగ పడి ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళు కాలికి తగులుతుందని గొడవ పెట్టే ఇళ్ళలో ఆ సదుపాయానికి విలువ ఉంటుందని ఒప్పుకోవాలి.

సోనీ లైసెన్సుతో తక్కువ ధరలో కావాలనుకునేవారికి కాన్బా డ్రోన్ వరస సరైనది. పాత డ్రోన్ ప్లేస్టేషన్ 3, 4లకు, డ్రోన్ 2 ప్లేస్టేషన్ 5కు తయారయ్యాయి. హోరి ఫైటింగ్ స్టిక్ ఆల్ఫా అంతకన్నా మేలైనదే కానీ ధర చాలా ఎక్కువ, తక్కువ ఖర్చు అన్న మాటకు అది లొంగదు.

లీవరు, బటన్ల సంగతి

జేఎల్‌ఎఫ్ లీవరు అడుగుభాగం చూస్తే దాని పనితీరు వెంటనే బోధపడుతుంది. నడిమి కడ్డీ చుట్టూ నాలుగు మైక్రోస్విచ్‌లు చతురస్రంగా కూర్చుని ఉంటాయి, కడ్డీని మధ్యకు తిరిగి లాగడానికి ఒక స్ప్రింగు ఉంటుంది, కడ్డీ ఎంతవరకు వంగాలో నిర్ణయించే ప్లాస్టిక్ గేటు అన్నిటికన్నా కింద బిగించి ఉంటుంది. చతురస్రపు గేటులో మూలలే ఐమూల దిక్కులు. కింద, కింద-ముందు, ముందు అనే వరసలో, స్ట్రీట్ ఫైటర్‌లో శక్తి బంతిని విసిరే హడోకెన్ వంటి కదలిక తీసేటప్పుడు కడ్డీ ఆ మూలలో ఆనిందని చేతికి తెలుస్తుంది. అష్టకోణపు గేటులో ప్రతి దిక్కుకూ ఒక చిన్న గాడి తగులుతుంది, కొత్తవారికి అది ఓదార్పుగా ఉంటుంది. అయితే గేటును తడుముకుంటూ ఆడే అలవాటు మంచిది కాదు. స్విచ్ టిక్కుమన్న చోటే దిక్కు నమోదవుతుంది, గేటు దాకా వెళ్ళనక్కర లేదు. కొనేటప్పుడు గేటు గురించి బెంగపడవలసిన పని లేదు, అది తర్వాత చాలా తక్కువ ఖర్చుతో మార్చుకునే భాగం.

టెక్కెన్ మీదే ప్రాణం పెట్టుకున్నవారు కొరియన్ లీవర్ల గురించి వినే ఉంటారు. వాటిలో స్ప్రింగుకు బదులు రబ్బరు గ్రామెట్ (వలయం) ఉంటుంది, కడ్డీ వదలగానే బిగువుగా మధ్యకు వస్తుంది, అందువల్ల వెనక్కు వెనక్కు జరిగే కదలికలు వేగంగా వస్తాయి. వాటికి పెట్టె లోపల లోతు కావాలి. పలచని పెట్టెల్లో పట్టకపోవచ్చు కనుక, ఆ ఆలోచన ఉన్నవారు పెట్టె కొనకముందే కొలతలు చూసుకోవాలి.

బటన్లు మార్చడం ఇంకా తేలిక. అడుగు పలక తీసి, బటన్‌కు ఉన్న రెండు తీగల కొనలను మెల్లగా లాగి, ఇరువైపులా ఉన్న ప్లాస్టిక్ రెక్కలను వేళ్ళతో నొక్కి పైకి తోస్తే బటన్ ఊడి వస్తుంది. సాన్వా బటన్ల కాళ్ళ వెడల్పు 2.8 మిల్లీమీటర్లు, అమెరికన్ తరహా బటన్లకు 4.8 మిల్లీమీటర్లు, తీగల కొనలు దానికి సరిపోకపోతే వదులై ఆట మధ్యలో ఊడిపోతాయి. ఈ చిన్న కొలత చూడకుండా విడిభాగాలు తెప్పించుకుంటే ఇబ్బంది తప్పదు. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పూట ఆడేవారికి సాన్వాలోనే చప్పుడు తక్కువ చేసే ఓబీఎస్‌ఎఫ్‌ఎస్ బటన్లు కూడా ఉన్నాయి. పక్క ఫ్లాటు వారితో స్నేహం నిలవాలంటే అవి మేలు.

లీవరు లేని పెట్టెలు

ఈ మధ్య చాలామంది లీవరు లేకుండా నాలుగు దిక్కులకూ నాలుగు బటన్లు ఉండే పెట్టెలకు మారుతున్నారు. వాటిలో కదిలే పెద్ద భాగం లేదు కనుక పెట్టె పలచగా, తేలికగా ఉంటుంది, ధరా తక్కువే. హాట్42 వంటివి కీబోర్డుల్లో వాడే స్విచ్‌లతో తయారవుతాయి, వాటి లోపల జీపీ2040-సీఈ అనే ఉచిత సాఫ్ట్‌వేరు నడుస్తుంది. ఎడమ, కుడి ఒకేసారి నొక్కితే ఏమి జరగాలన్నది ఈ పెట్టెల్లో ముఖ్యమైన అమరిక. రెండూ రద్దయి పాత్ర నిలబడిపోయేలా ఉంచుకుంటే పోటీలకు వెళ్ళినా పేచీ ఉండదు. ఈ పద్ధతి మీకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు పెట్టనక్కర లేదు. ఇంట్లో కంప్యూటరు కీబోర్డు మీద వారం రోజులు ఆడి చూస్తే తెలిసిపోతుంది. మామూలు కీబోర్డుల్లో మూడు నాలుగు మీటలు కలిపి నొక్కితే కొన్ని నమోదు కావు, ఆ లోపాన్ని మాత్రం పెట్టెకు అంటగట్టకూడదు.

సొంతంగా చేసుకోవడం

రెండు మూడు వేల రూపాయల లోపు ముగించాలంటే మిగిలే దారి సొంత తయారీ. లీవరు, బటన్లు, తీగలు, ‘జీరో డిలే’ అనే బోర్డు కలిపి కిట్‌గా అమ్ముతారు. ఆలస్యం సున్నా అన్నది దానికి పెట్టిన పేరు మాత్రమే, గుణం కాదు. ఫైటింగ్ ఆటలు సెకనుకు 60 ఫ్రేములతో (తెర మీద మారే బొమ్మలతో) నడుస్తాయి, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు, కంప్యూటరు ఒక పరికరాన్ని సెకనుకు 125 సార్లే పలకరిస్తే రెండు పలకరింపుల మధ్య వ్యవధే 8 మిల్లీసెకన్లు, దాదాపు అర ఫ్రేము. ముస్తఫా ఆటకు ఇది లెక్కలోకి రాదు. ఆన్‌లైన్‌లో పోటీపడేవారికి మాత్రం ఆ బోర్డుకు బదులు రాస్‌బెర్రీ పై పికో నయం. 2021 జనవరిలో 4 డాలర్ల ధరతో వచ్చిన ఈ చిన్న బోర్డు మన దగ్గర కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అందులో పైన చెప్పిన జీపీ2040-సీఈ ఎక్కిస్తే సెకనుకు 1000 సార్లు జవాబిచ్చే స్టిక్ బోర్డు తయారవుతుంది. సోల్డరింగ్ చేయగలగాలి, అంతే. ఇంజనీరింగ్ కళాశాలలో చదువుతున్న తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే ఆ పనీ అయిపోతుంది. తీగలు, సోల్డరు, కనెక్టర్ల వంటివాటికి డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాలు చూడవచ్చు. కంప్యూటరుకూ స్విచ్‌కూ ఇది నేరుగా పనిచేస్తుంది. ప్లేస్టేషన్ కోసమైతే ఈ దారి పట్టకపోవడమే మంచిది.

పెట్టె విషయంలో విశాఖ వాతావరణాన్ని మరవకూడదు. ఎండీఎఫ్ చెక్క చవక, కోయడం తేలిక, కానీ ఇక్కడి గాలిలోని తేమకు అది ఉబ్బుతుంది, ఉబ్బిన చోట స్క్రూలు పట్టు వదిలేస్తాయి. నీటిని తట్టుకునే రకమని తెలిపే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ కాస్త ఖరీదైనా నిలుస్తుంది, వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కలే ఒక పెట్టెకు సరిపోతాయి. రెక్కలతో బిగుసుకునే బటన్లు మందపు చెక్కలో నిలబడవు, వాటికి రెండు మూడు మిల్లీమీటర్ల పలచని పలక కావాలి. అందువల్ల పెట్టె ప్లైవుడ్‌తో చేయించి, పైపలక మాత్రం సైన్‌బోర్డులు చేసేవారి దగ్గర అక్రిలిక్‌తో కోయించుకోవడం తెలివైన పని. చెక్కలోనే బిగించాలనుకుంటే మర వేసి బిగించే ఓబీఎస్‌ఎన్ రకం తీసుకోవాలి. మనలో చాలామంది చాప మీద బాసింపట్టు వేసుకుని, స్టిక్‌ను ఒడిలో పెట్టుకుని ఆడతాం కనుక, చేయించేటప్పుడే అంచులు గుండ్రంగా చెక్కించి, అడుగున రబ్బరు పలక అంటించమని చెప్పాలి. బల్ల మీద పెట్టి ఆడేవారికి అంత వెడల్పు అవసరం లేదు.

కొన్నదైనా చేయించుకున్నదైనా, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వంటి సముద్రానికి దగ్గరి ప్రాంతాల్లో ఉప్పుగాలికి ముందు దెబ్బతినేవి ఇనుప స్క్రూలు. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేసుకుని, ఆడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో సంచిలో ఉంచితే చాలాకాలం మన్నుతుంది. బటన్ మొరాయిస్తే కొబ్బరినూనెతో సరిచేయాలని చూడకుండా కాంటాక్ట్ క్లీనరు కొట్టాలి.

ఎక్కడ కొనాలి, ఎలా పరీక్షించాలి

ద్వారకానగర్ కంప్యూటరు దుకాణాల్లో ప్యాడ్‌లూ కీబోర్డులూ పట్టి చూసి కొన్నట్టు స్టిక్‌ను పట్టి చూసే అవకాశం సాధారణంగా ఉండదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందే. చవక విడిభాగాలకు పేరుపడిన అలీఎక్స్‌ప్రెస్‌ను మన ప్రభుత్వం 2020 నవంబరులో నిషేధించింది. ఇతర విదేశీ దుకాణాల నుంచి తెప్పిస్తే కొరియరు ఖర్చు, దిగుమతి సుంకం, పన్ను కలిసి ధర చాలా పెరుగుతుంది. మొత్తం చేతికి వచ్చేసరికి ఎంతవుతుందో లెక్కవేయకుండా ఆర్డరు పెట్టకూడదు. అమెరికా నుంచి వచ్చే బంధువులుంటే వారి పెట్టెలో ఒక స్టిక్ తెప్పించుకోవచ్చు, అయితే పూర్తి పరిమాణపు స్టిక్ సూట్‌కేసులో చాలా చోటు ఆక్రమిస్తుంది కనుక ముందే చెప్పి ఒప్పించాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ చోటులో ఆవకాయ జాడీ పడుతుందని చెబితే పిన్నిగారు ఒప్పుకోవచ్చు. విదేశీ సరుకుకు ఇక్కడ వారంటీ సాధారణంగా వర్తించదని, చెడిపోతే బాగుచేసుకునే భారం మనదేనని మాత్రం గుర్తుంచుకోవాలి.

పాతది కొనేటప్పుడు బయటి గీతలను పట్టించుకోనక్కర లేదు. ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్ళి, విండోస్‌లో జాయ్.సీపీఎల్ (joy.cpl) అని కొట్టి గేమ్ కంట్రోలర్ల పలక తెరిచి, లీవరును చాలా నెమ్మదిగా గుండ్రంగా తిప్పి చూడాలి. ఎనిమిది దిక్కులూ వరసగా వెలగాలి, ఏ ఐమూలా తప్పిపోకూడదు. తర్వాత ఒక్కో బటన్‌ను ఒకసారి మాత్రమే నొక్కి, రెండుసార్లు వెలుగుతుందేమో గమనించాలి. అలా వెలిగితే స్విచ్ అరిగిందని అర్థం, దానికి ధర తగ్గించమని అడగవచ్చు. చివరగా తీగను పెట్టె దగ్గర అటూ ఇటూ వంచి చూడాలి. అప్పుడు సంబంధం తెగితే లోపం తీగలోనో బోర్డు మీది అతుకులోనో ఉంటుంది, అమ్మేవాడు ఎంత తగ్గించినా ఆ స్టిక్‌ను వదిలేయాలి.

ఇన్ని రకాల్లో ఒకటి ఎంచమంటే, కంప్యూటరు ఉన్న విద్యార్థికి పికో బోర్డుతో సొంతంగా చేసుకోమనే చెబుతాను. చేతిపని ఇష్టం లేనివారు, ప్లేస్టేషన్ 4 కూడా ఉన్నవారు ఎఫ్300 తీసుకుని, ఆరు నెలల తర్వాత కూడా ఆడుతూ ఉంటే అప్పుడు సాన్వా లీవరు వేసుకోవాలి. బటన్లు దాని తర్వాత. ప్లేస్టేషన్ 5 ఒక్కటే ఉన్నవారు డ్రోన్ 2 ధరకు తగిన డబ్బు సమకూరేవరకు ఉన్న ప్యాడ్‌తోనే ఆడుకోవడం మంచిది.